గొంగడి తడిసిన పొద్దు

యర్రగొండపాలెం దాటి అడవి అంచుకు పోయే దారిలో రిబ్కమ్మకూ జకరయ్యకూ ఒక బత్తాయి తోట ఉండేది. ఉండేది అన్నానంటే ఇప్పుడు లేదనే. మొక్కలు నాటాక వచ్చిన వేసవులన్నీ రిబ్కమ్మ చంకన బిందె పెట్టుకుని చెట్టు చెట్టుకూ తిరిగి నీళ్లు పోసింది. వెలిగండ్ల దగ్గర పల్లెలో పుట్టిన మనిషి, నీళ్ల కరువు గురించి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నడుం పట్టేసింది, చంక ఒరుసుకుపోయింది, ఆఖరికి చెట్లు కాపుకొచ్చాయి. సరిగ్గా అప్పుడే పాత బోరు ఎండిపోయింది.

కొత్త బోరు వేయాలి. ఆ చుట్టుపక్కల బోరు వేయని రైతు లేడు, వేసి ఏడవని రైతూ తక్కువే. పక్కచేను కొండయ్య, అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్లు చూసే మనిషిని పిలిపించి, టెంకాయ లేచి నిలబడిన చోట బోరు వేయించాడు. నీళ్లు పడ్డాయి. నువ్వూ పిలిపించుకోమని జకరయ్యకు చెప్పాడు. జకరయ్య ఒప్పుకుంటాడా? తాతల నాటి నుంచీ విశ్వాసులం, టెంకాయ మాట వింటామా అన్నాడు. సరే, మార్కాపురం నుంచి మిషనుతో భూమి చూసే సారు వచ్చి తూర్పు గట్టు దగ్గర నీళ్లున్నాయని ఒక రాయి పాతి పోయాడు. దానికీ జకరయ్య తల అడ్డంగానే ఊపాడు. మిషను మాట తర్వాత, ముందు దేవుణ్ని అడగాలట.

అడగడానికి ఆయన పట్టుకున్న దారి చూడండి. పూర్వం ఒక పెద్దమనిషి దేవుడి మనసు తెలుసుకోవడానికి రాత్రి కళ్లంలో గొర్రెబొచ్చు పరిచాడనీ, తెల్లారేసరికి చుట్టూ నేల పొడిగా ఉండి బొచ్చు మాత్రం తడిసిందనీ బైబిలు వాక్యంలో ఉంది. జకరయ్య పెట్టెలోంచి వాళ్ల నాయన కప్పుకున్న నల్ల గొంగడి తీశాడు. గొంగడీ గొర్రెబొచ్చే కదా! రోజూ మునిమాపు వేళ తోటలో ఒక్కో చోట దాన్ని పరచడం, మోకరించి ప్రార్థన చేసి ఇంటికి రావడం, పొద్దున్నే పోయి తడిమి చూడడం. శివరాత్రి దాటాక మంచు ఎక్కడిది? గొంగడి రోజూ గరగరలాడుతూ ఉండేది. విసుగు పుట్టిందా అంటే అదీ లేదు. మడిచి భుజాన వేసుకుని, సాయంత్రం ఇంకో చోట పరిచేవాడు.

ఈలోగా ఆకులు ముడుచుకుపోయాయి, పిందెలు రాలాయి. రిబ్కమ్మ కడుపు మండిపోయింది. దేవుణ్ని నమ్మొద్దని ఆమె అనలేదు. ఆమె కూడా ప్రార్థనల్లోనే పుట్టి పెరిగింది. కానీ ఆ సారుకు చదువిచ్చిందీ, మిషను చేసేవాడికి బుర్ర ఇచ్చిందీ దేవుడే అయినప్పుడు, పాతిన రాయి కళ్ల ముందు ఉండగా ఇంకేం సూచన కావాలన్నది ఆమె బాధ. ఒకసారి ఆ మాట అననే అంది. నీకు విశ్వాసం చాలదని తేల్చేశాడు జకరయ్య.

ఒక సాయంత్రం గొంగడి తిరిగి తిరిగి తూర్పు గట్టుకు వచ్చింది, ఆ రాయి పక్కకే. రిబ్కమ్మ తెల్లవారుజామునే లేచి, బిందె నిండా నీళ్లు మోసుకుపోయి దాని మీద కుమ్మరించి వచ్చింది. తప్పు చేశాననిపించింది. చెట్లు బతికితే దేవుడే క్షమిస్తాడులే అనుకుంది.

పొద్దున జకరయ్య గొంగడి పిండితే నీళ్లు కారాయి. అక్కడే బోర్లా పడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. దేవుడు సూచన ఇచ్చాడని ఆదివారం మందిరంలో సాక్ష్యం చెప్పాడు. పాస్టరు యేసుబాబు అయ్యగారు ఆ గొంగడిని బల్ల మీద పెట్టించారు. ఆడవాళ్లు వరసగా వచ్చి దాన్ని ముట్టుకుని కళ్లకద్దుకుంటుంటే రిబ్కమ్మ తలెత్తలేకపోయింది.

బోరు లారీ వచ్చింది. పగలంతా బండ కొట్టింది, పగలంతా తెల్ల దుమ్మే లేచింది. చారెడు తడి మట్టి కూడా పైకి రాలేదు. మిషను వాళ్లు రాడ్లు సర్దుకుని, జకరయ్య మొహం చూడకుండా లారీ ఎక్కారు. ఎండలు ముదిరేసరికి తోట చచ్చిపోయింది. తను నాటిన చెట్లను రిబ్కమ్మే కొట్టి పొయ్యిలో పెట్టుకుంది.

ఊరు ఊరుకుంటుందా? "గొంగడి తడిపిన నీళ్లేవో ఆ బోరులోనే పోసింటే సరిపోయేది గదప్పా జకరయ్యా" అన్నాడు కొండయ్య టీ బంకు దగ్గర. అందరూ పడీ పడీ నవ్వారు. మందిరంలో ఎవరూ నవ్వలేదు, అక్కడ జరిగింది ఇంకా ఘోరం. దేవుడిచ్చిన సూచన తప్పిపోదు, ఆ ఇంట్లో ఎవరిదో దాచిన పాపం నీళ్లకు అడ్డం పడిందని అయ్యగారు ప్రసంగం చేశారు. ఆ ఇంట్లో ఉండేది మొగుడూ పెళ్లామూ, అంతే.

జకరయ్య ఇంకో దారి వెతుక్కున్నాడు. దేవుడు చోటు చూపించాడు గానీ లోతు చెప్పలేదట. సగం చేను కొండయ్యకు అమ్మి, మళ్లీ లారీ పిలిపించి ఇంకా కిందికి దింపిస్తాడట. రేపు కొండయ్య బయానా తెస్తాడని చెప్పాడు. తోట పోయింది, ఇప్పుడు చేను. రిబ్కమ్మ వసారాలో కూర్చున్న మొగుడి ముందుకు పోయి నిలబడింది.

"ఆ గొంగడి తడిపింది దేవుడు కాదయ్యా, నేను. చేను అమ్మొద్దు."

కొడతాడనుకుంది. జకరయ్య కదల్లేదు.

"నాకు తెల్సు. ఆ పొద్దే తెల్సు. గొంగడి కింద బురద ఉండె. మంచుకు బురద అయితాదా?"

 మరి సాక్ష్యం ఎట్ల చెప్పావని రిబ్కమ్మ అడిగింది.

"అన్ని దినాలు అడిగినా ఆయన పలకలేదు. నువ్వన్నా పలికినావు" అన్నాడు.

ఆ మాటకు ఆమె ప్రాణం కరిగిపోయింది. ఎంత అల్లాడిపోయాడో పిచ్చి మానవుడు అని ఏడ్చింది. చాలా కాలానికి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నారు. తింటూ తింటూ జకరయ్య చెప్పాడు. ఆదివారం నువ్వు లేచి మందిరంలో ఒప్పుకో, అప్పుడు దేవుడి మీద మాట రాదు, చేను అమ్మే పనీ ఉండదు. నువ్వు గూడా చెప్తావా అని ఆమె అడిగితే, ముందు నువ్వు మొదలుపెట్టు అన్నాడు.

ఆదివారం ఆమె లేచి మొదలుపెట్టింది. బిందె దాకా వచ్చిందో లేదో, జకరయ్య చాప మీద నుంచి లేచి తల బాదుకున్నాడు.

"నా ఇంట్లోనే ఉండి, నా పక్కనే పండుకుని, నన్ను ఇంత మోసం చేసినావా?"

పెద్దలు వచ్చి ఆయన్ని పట్టుకున్నారు. అచ్చం ఆ పొద్దు తోటలో ఏడ్చినట్టే ఏడ్చాడు. దాచిన పాపం బయటపడినందుకు స్తోత్రం అన్నారు అయ్యగారు. వాక్యం తప్పలేదు, దేవుడు తప్పలేదు, జకరయ్య అంతకన్నా తప్పలేదు. అందరి గుండెల మీది బరువూ దిగిపోయింది. పశ్చాత్తాపపడేదాకా రిబ్కమ్మకు ప్రభువు బల్ల దగ్గర రొట్టే ద్రాక్షరసమూ లేవని చెప్పారు. పక్కనున్న ఆడవాళ్లు చాపలు జరుపుకున్నారు.

ఆయనకూ తెలుసు అనబోయింది. అని ఏం లాభం? ఒకసారి మోసం చేసినదాని మాట ఎవరు నమ్ముతారు? మొగుడి వైపు చూసింది. తుండుగుడ్డలో మొహం పెట్టుకుని ఉన్నాడు.

ప్రార్థన చేద్దాం, కళ్లు మూసుకోండి అన్నారు అయ్యగారు. అందరూ మూసుకున్నారు. రిబ్కమ్మ మూసుకోలేదు. వసారాలో జకరయ్య అన్న మాట తను కాక ఇంకెవరైనా విన్నారంటే అది దేవుడొక్కడే. బతుకంతా ఒక్క సూచన కూడా అడగని మనిషి, మొదటిసారి అడిగింది. నువ్వు విన్నావు గదా, చెప్పు అని అడిగింది.

ఆమేన్ అన్నారు. ఫ్యాన్లు ఆపేశారు, చాపలు చుట్టేశారు. రిబ్కమ్మ అప్పటిదాకా కూర్చునే ఉంది. తర్వాత చెప్పులు వేసుకుని ఇంటికి పోయి, ఇద్దరికీ వంట చేసింది.