తన్నని తుపాకి

చిత్తూరు సంతపేటలో ఇనుప సామాన్ల కొట్లు ముగిసి చింతపండు మండీలు మొదలయ్యే మలుపులో కాశింవలి దుకాణం ఉండేది. అతడు తుపాకులు బాగుచేసేవాడు. వాకిట్లో ఒక సానరాయి, లోపల ఒక చెక్కబల్ల, గోడకు వేలాడే ఆకురాళ్లు, మూలన తాళం వేసిన ఇనుపపెట్టె, అంతే అతని ఆస్తి. అడవి ఉద్యోగులు, పోలీసులు, మామిడితోటల ఆసాములు, యుద్ధం వచ్చాక రేణిగుంట దారిన పోయే సైనికాధికారులు కూడా ఆ మలుపులో బండి ఆపేవారు. నేను ఆ వీధి చివరి ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పేవాణ్ణి. బడి వదిలాక అతని అరుగుమీద కాసేపు కూర్చోవడం నాకు అలవాటయింది. ఈనాడు తిరుపతిలో మనుమల గోల నడుమ ఆ అరుగును తలచుకుంటే మొదట గుర్తుకు వచ్చేది నూనె వాసన. తరువాత అతని కుడి మణికట్టు.

ఆ మణికట్టుకు ఎల్లప్పుడూ వెడల్పాటి తోలుపట్టీ ఉండేది. దాని కింద కీలు ఉబ్బిపోయి, చలికాలంలో చెంబు కూడా ఎత్తనిచ్చేది కాదు. అది అతని నియమం తెచ్చిపెట్టిన బాధ. చేతితుపాకి ఎవరిదైనా సరే, బాగుచేశాక నీవా ఏటి ఇసుకలో తన చేతితో కాల్చి చూడనిదే తిరిగి ఇచ్చేవాడు కాడు.

“మోతను నమ్మద్దు అయ్యోరూ,” అనేవాడు. “మోత చెవికి, తన్ను చేతికి. తూటా గొట్టం దాటిపోయినాదని చెప్పేది తన్నే.”

తుపాకి పేలినప్పుడు చేతిని వెనక్కు నెట్టే దెబ్బను మన జనం తన్నడం అంటారు. ఆవు తన్నుతుంది, గాడిద తన్నుతుంది, తుపాకీ తన్నుతుంది. క్రియాపదాల విషయంలో నాకు కొంత చాదస్తం ఉంది. ప్రాణం లేని వస్తువుకు కాలు మొలిపించే ఆ వాడుక నచ్చక, ‘ప్రత్యాఘాతం’ అన్న మాటను ఒకనాడు అతనికి సూచించాను. పిల్లల చేత యణాదేశ సంధి విడదీయించడానికి అంత అనువైన మాట అరుదు. కాశింవలి దాన్ని రెండుమార్లు నోట్లో తిప్పి చూసి, “ఈ మాట ముగిసేలోగా సెయ్యి వాసిపోతాది అయ్యోరూ,” అన్నాడు. లోపల బియ్యం ఏరుతున్న అతని భార్య షహర్‌బాను చేట కింద పెట్టి మరీ నవ్వింది. నేను ఆ మాటను వెనక్కు తీసుకున్నాను.

వానలు ఎగ్గొట్టి, యుద్ధం మూలంగా బర్మా బియ్యం రావడం మానేసిన సంవత్సరంలో మునెయ్య ఆ అరుగు ఎక్కాడు. పాత పాలెగాళ్ల ఎస్టేటు ఒకటి ఊరి అంచున కచేరీ నడుపుతుండేది; దాని ఖజానా గదికి అతడు కాపలాదారు. కచేరీ వెనుక ఒక గది, నెలనెలా ఇంత రాగులూ ఇంత బియ్యమూ, ఇదే అతని జీతంలో అసలు భాగం. ఊరంతా గంజికి వచ్చిన ఆ ఏడు అతని భార్య సిద్ధమ్మ పొయ్యి రోజూ వెలిగిందంటే ఆ గింజల వల్లనే. అయితే రెండేళ్ల కిందట పలమనేరు దారిలో బండి బోల్తాపడి అతని కుడి మణికట్టు విరిగింది. పుత్తూరు చేరి కట్టు కట్టించుకునేసరికే ఆలస్యమై, ఎముక వంకరగా అతుక్కుపోయింది.

“దసరాకు పరీచ్చ పెట్టినాడు సాయిబూ, కొత్త మేనేజరు పరంధామయ్య,” అన్నాడు మునెయ్య. “ఆయుధపూజ అయినాక కావలోళ్లంతా జనం ముందర కాల్సాల. గురి తప్పినోడు గది కాళీ సేసి పోవాల. నాకిచ్చింది ఆ పెద్ద రివాల్వరు. అది తన్నితే నా సెయ్యి యాడికి పోతాదో నాకే తెల్దు.”

“ఎన్నాళ్లు ఉండాది దసరాకు?”

“మహాలయ అమావాస్య ఇంకా రాలేదులే.”

“అయితే సస్తానని ఇప్పుడే యెందుకు యేడుస్తావు? రేపు యేటికి రా.”

మరునాడు ఆదివారం కాబట్టి నేనూ వెంట వెళ్లాను. నీవా ఆ ఏడు పేరుకే ఏరు. ఇసుకలో చెలమలు తవ్వి ఆడవాళ్లు గంటెతో నీళ్లు తోడుకుంటున్నారు. జనానికి దూరంగా కరకట్ట మలుపులో కాశింవలి దుప్పటి పరచి మూడు చేతితుపాకులు పెట్టాడు. ఒకటి ముప్పై ఎనిమిది తూటా చిన్న రివాల్వరు; అంటే తూటా లావు అంగుళంలో వందకు ముప్పై ఎనిమిది వంతులు. రెండవది మునెయ్య తెచ్చిన కచేరీ రివాల్వరు, నాలుగువందల యాభై అయిదు తూటాది; దాని లెక్క వెయ్యో వంతుల్లో. మూడవది ఎవరో సైనికాధికారి మరమ్మతుకు వదిలిన నలభై అయిదు పిస్తోలు, తనంతట తాను తూటా మార్చుకునే రకం.

ముందు చిన్నది కాల్పించాడు. మునెయ్య చేయి కొద్దిగా లేచి మళ్లీ కుదురుకుంది.

“ఎట్లుండాది?”

“దూడ మూతితో పొడిసినట్టుండాది. అంతే.”

కచేరీ రివాల్వరు పేలగానే దాని మూతి ఆకాశంవైపు లేచింది. మునెయ్య మోచేయి పట్టుకుని ఇసుకలో కూలబడ్డాడు. “రోకలి ఉత్త రోటికి తగిలి ఎగిరినట్టుండాదప్పా! ఎముకలోకి పోయింది,” అన్నాడు.

పిస్తోలు వంతు వచ్చేసరికి అతడు కళ్లు మూసుకున్నాడు. తీరా పేల్చాక ఆశ్చర్యంగా తెరిచాడు. తూటా లావులో రెండూ దాదాపు సమానమే. ఇది మాత్రం కొట్టలేదు, ఎద్దు తల ఆనించి నెట్టినట్టు నెట్టింది. కాశింవలి కారణం చెప్పాడు. పిస్తోలు పైభాగం వెనక్కు జరుగుతూ తన్నులో కొంత తానే తింటుంది. పిడి నిటారుగా ఉండటంతో మిగిలినది అరచేతికి సూటిగా వస్తుంది. రివాల్వరు గొట్టం పిడికిలికి మరీ పైన ఉంటుంది కనుక మణికట్టును మెలిపెడుతుంది. తుపాకి బరువు పెరిగితే తన్ను తగ్గుతుంది. పట్టు వదులైతే పెరుగుతుంది. ఇంకొక సంగతి కూడా చెప్పి, నడుముకు కట్టుకున్న సంచిలోనుంచి దూది తీశాడు.

“సెవుల్లో బాగా కుక్కుకో. మోత తగ్గితే సగం తన్ను తగ్గినట్టే ఉంటాది. సెయ్యి లేసేది బెదురుకు, దెబ్బకు కాదు.”

అది నిజమే అయింది. దూది పెట్టుకుని కాల్చినప్పుడు మునెయ్య కూలబడలేదు. కాని గురి మాత్రం కుదరలేదు. తూటా కరకట్టకు తగిలి మన్ను రాలింది. ఆ మణికట్టుకు చిన్న తుపాకి తప్ప గతి లేదని ముగ్గురికీ అర్థమయింది.

కాశింవలి ఆ చిన్న రివాల్వరు పట్టుకుని కచేరీకి పోయి, దాన్ని మునెయ్యకు ఇప్పించమని మేనేజరును అడిగాడు. పరంధామయ్య దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూశాడు.

“ఇదేంది సాయిబూ, దీపావళికి పిల్లోళ్లు కాల్చే టపాకాయా? ఖజానా కాడ దీన్ని పట్టుకొని నిలబడితే దొంగలు నవ్వి పోతారు.”

“పోతే మంచిదే గదా సామీ. మనకు కావాల్సింది వాళ్లు పోవడమే గదా.”

గుమాస్తాలు తల వంచుకుని నవ్వారు. ఆ నవ్వు మునెయ్యకు చేటు చేసింది. మేనేజరు ముఖం బిగిసి, “పెద్ద తుపాకి ఎత్తలేనోడికి పెద్ద గది యెందుకు?” అని లేచిపోయాడు.

అప్పుడు కాశింవలి తన వృత్తిలో చేయరాని పని చేశాడు. పెద్ద రివాల్వరు తూటాలు విప్పి, లోపలి పేలుడుమందు తగ్గించాడు. ఆ రకం తూటాలో మందు పొడిగా ఉండదు, సన్నని పసుపుపచ్చని పుల్లలుగా ఉంటుంది. “రంజాను సేమ్యా మాదిరి ఉండాది సూడండి,” అని నాకు చూపించి, కొన్ని పుల్లలు తీసి పక్కన పెట్టి, మళ్లీ బిగించాడు. మందు తగ్గితే తన్ను తగ్గుతుంది. లెక్క సరైనదే. అయితే అలా చేసిన తూటాల్లో ఒక్కటైనా ఏటికి తీసుకుపోయి కాల్చి చూడలేదు. యుద్ధం రోజులు, తూటాలు దొరకడం గగనం, ఉన్నవి పరీక్షకు సరిగ్గా సరిపోతాయి. ఎవరి తుపాకినైనా కాల్చనిదే ఇవ్వని మనిషి, ఆ ఒక్కసారి తన చేతిని అడగకుండానే పని ముగించాడు.

విజయదశమినాడు కచేరీ ముంగిట మామిడాకుల తోరణాలు కట్టారు. పద్యాలు చదవడానికి నన్ను పిలిచారు. చాపమీద కత్తులు, బరిసెలు, తుపాకులు వరసగా పరచి పూజ చేశారు. కాపలాదారుల ఇల్లాళ్లు తమ తమ మగవాళ్ల ఆయుధాలకు గంధమూ కుంకుమా పెట్టడం అక్కడి ఆచారం. సిద్ధమ్మ ఆ పెద్ద రివాల్వరుకు చిటికెన వేలితో బొట్టు పెట్టి, చామంతి పువ్వు ఒకటి ఉంచి, కళ్లకు అద్దుకుంది. కాశింవలి జనంలో వెనుకగా నిలబడ్డాడు.

సున్నంతో వృత్తం గీసిన ఇసుకమూట గురి. మునెయ్య చెవుల్లో దూది సవరించుకున్నాడు. మొదటి దెబ్బకు మూటలోనుంచి ఇసుక కారింది. రెండవదానికీ కారింది. చేయి లేవలేదు. జనంలో ఎవరో, “మునెయ్యకు మళ్లీ వయసొచ్చిందిరా!” అని కేక వేశారు. సిద్ధమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మూడవసారి వినిపించింది మోత కాదు. తడిగుడ్డను బండమీద వేసినట్టు ఒక చప్పుడు. మూటలో ఇసుక కదలలేదు. చేయి అసలే కదలలేదు. మునెయ్య తల తిప్పి భార్యవైపు చూసి నవ్వాడు. తుపాకి తన్నలేదు, అదే అతని ఆనందం.

“ఆపు!” అని కాశింవలి అరిచాడు. “మునెయ్యా, ఆపప్పా! గుండు లోపలే ఉండాది!”

చెవుల్లో దూది. కాశింవలి జనాన్ని తోసుకుంటూ పరుగెత్తాడు. మేనేజరు, “యెవుర్రా ఆ గలాటా? పట్టుకోండి సాయిబును!” అన్నాడు. ఇద్దరు కచేరీ జవాన్లు అతని భుజాలు పట్టుకున్నారు. మునెయ్య నవ్వు ముఖంతోనే మళ్లీ గురి చూశాడు.

తరువాత పొగలో నేను చూసినదంతా రాయను. గొట్టంలో ఇరుక్కున్న గుండుకు వెనుకనుంచి నాలుగవది తగిలి తుపాకి పైభాగం చీలిపోయింది. అతని కుడిచేతి బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు పోయాయి. కుడికన్ను పోయింది. ప్రాణం దక్కింది.

ఆసుపత్రిలో అతనికి తెలివి రాకముందే కచేరీలో తీర్పు అయిపోయింది. పూజలో సిద్ధమ్మ పూసిన గంధం గొట్టంలోకి పోయి అడ్డుపడిందని పరంధామయ్య చెప్పాడు, జనం నమ్మారు. అంతకన్న ఘోరం, సిద్ధమ్మ నమ్మింది. ఆసుపత్రి వాకిట్లో కొళాయి దగ్గర కూర్చుని ఆమె చిటికెన వేలిని రాయికేసి రుద్దుతుండటం నేనూ కాశింవలీ చూశాము.

“నేనే సంపుకొంటి గదయ్యా నా మొగుణ్ణి, నేనే,” అని ఆమె నాతో అన్నది.

కాశింవలి అరుగుదాకా నడిచి, లోపలికి పోయి భార్యతో ఉర్దూలో మాట్లాడాడు. గుమ్మంలో ఉన్న నాకు అర్థమయినంత చెబుతాను. నిజం చెబితే లైసెన్సు పోతుంది, జైలు వస్తుంది అన్నాడతడు. షహర్‌బాను చాలాసేపు చేటలో బియ్యం వెనక్కీ ముందుకీ నెట్టింది. చివరికి, “ఆమె వేలు అరిగిపోయేదాకా చూస్తావా?” అన్నది.

అతడు తోలుపట్టీ విప్పి బల్లమీద పెట్టి ముందుగా ఆసుపత్రికి పోయాడు. కొళాయి దగ్గరే ఉన్న సిద్ధమ్మ ముందు కూర్చుని, “నీ గంధం కాదు తల్లీ. మందు తీసింది నేను. తన్ను తగ్గాలని తీసినాను,” అని చెప్పాడు. ఆమె అతణ్ణి తిట్టలేదు. చేయి నీళ్లలోనుంచి తీసి చీరకు తుడుచుకుని, తల వంచుకుని ఏడ్చింది. అక్కడినుంచి అతడు నేరుగా ఠాణాకు నడిచాడు.

లైసెన్సు రద్దయింది. ఆకురాళ్లతో సహా ఇనుపపెట్టెను పట్టుకుపోయారు. కొన్ని నెలల జైలు శిక్ష పడింది. మునెయ్యకు మాత్రం ఆ నిజం ఏ గింజా తెచ్చిపెట్టలేదు. పరీక్షలో మోసం చేశాడంటూ మేనేజరు గది తాళం మార్చాడు. ఆ సాయంత్రం షహర్‌బాను బురఖా వేసుకుని బండి మాట్లాడుకుపోయి, సిద్ధమ్మనూ ఆమె మూటలనూ తెచ్చి దుకాణంలో దించింది. పొయ్యి వేరు, నీళ్లబిందె వేరు, కప్పు ఒకటే. ఆసుపత్రినుంచి మునెయ్య కూడా అక్కడికే వచ్చాడు.

శిక్ష ముగించుకుని వచ్చిన కాశింవలికి మిగిలింది వాకిట్లోని సానరాయి. కత్తెరలకూ కొడవళ్లకూ పదును పెట్టడం మొదలుపెట్టాడు. మునెయ్య ఎడమచేత్తో చక్రం తిప్పేవాడు. జరిగినదాన్ని గురించి వాళ్లిద్దరూ మాట్లాడుకోగా నేను వినలేదు. “ఇంకొంచెం జోరుగా తిప్పప్పా, నిద్రబోతా ఉండావా?” అని ఒకరు, “ఒంటికన్నోడికి నిద్ర సగమే సాయిబూ,” అని ఇంకొకరు, అంతే.

తరువాతి దసరానాడు నేను ఆ అరుగుమీదనే ఉన్నాను. ఊరి అంచున కచేరీలో తుపాకి పేలింది. మునెయ్య చేయి చక్రంమీద ఆగిపోయింది. కాశింవలి కొడవలిని రాతినుంచి ఎత్తి, తల పక్కకు వాల్చి ఆలకించాడు. అంత దూరానినుంచి ఏ తన్నూ అతని చేతికి అందదు. అయినా మణికట్టు కొద్దిగా పైకి లేచి దిగింది.

“గుండు పోయినాది,” అన్నాడు.

మునెయ్య చక్రం తిప్పాడు. మళ్లీ పేలింది. మళ్లీ ఆగాడు.

“పోయినాది. తిప్పు.”