ఆ ఊరు నేను కట్టలేదు

రాయపూర్‌లోని మా తెలుగు సంఘం 2010 ఉగాదికి వేసిన సంచికలో నేను రాసిన ఒక పేజీ వచ్చింది. అంతకు ముందు పదేళ్లలో ఆడిన వీడియో గేముల్లో నాకు బాగా నచ్చినవి పది, వరుస నంబర్లతో, ఒక్కోదాని గురించి నాలుగైదు వాక్యాలు. మొదటి నంబరు కింద నేను రాసింది అబద్ధం. దాన్ని సరిచేయడానికి ఇది రాస్తున్నాను. మిగతా తొమ్మిదిలో దిద్దవలసింది ఏమీ లేదనుకున్నాను. అదీ నిజం కాదని మొన్ననే తెలిసింది.

అప్పట్లో నేను రాయపూర్ శివారు ఉర్లాలో ఒక స్టీలు ఫ్యాక్టరీలో ఫర్నేస్ దగ్గర షిఫ్ట్ ఇన్‌చార్జిని. ఇల్లు ఊళ్లోనే, మోవాలో. నేను విజయనగరం జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చినవాణ్ణి. నా భార్య ఇక్కడే పుట్టి పెరిగింది. ఆమె తండ్రి రైల్వేలో గార్డు. అభన్‌పూర్ మీదుగా ధంతరీ వెళ్లే చిన్న లైను, అంటే నారో గేజి, బండి మీద చాలా ఏళ్లు పనిచేశారు. ఆమె ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గానీ చదువంతా హిందీలో సాగింది. తెలుగు చదవడం రాదు. ఈ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే నేను ధైర్యంగా అబద్ధం రాయడానికి అదొక కారణం.

ఫ్యాక్టరీ ఆఫీసులో పాత కంప్యూటర్లు తీసేస్తుంటే ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. పేరుకి ఉద్యోగానికి పనికొచ్చేవి నేర్చుకోవడానికి. మొదటి నెలలోనే కార్ల రేసు సీడీ ఒకటి కొన్నాను. ఆ రేసులో గెలవడం కన్నా, ఎదురు దిశలో నడుపుతూ వచ్చే కార్లను తప్పించుకోవడం నాకు ఇష్టంగా ఉండేది. తర్వాత క్రికెట్ గేము. అందులో ఒకే రకం షాట్ ఒకే వైపు కొడితే ప్రతిసారీ సిక్సే. అది తెలిసిపోయాక కూడా రెండేళ్లు ఆడాను. రోజంతా మండే ఫర్నేస్ ముందు నిలబడి వచ్చినవాడికి తప్పకుండా సిక్స్ పడుతుందన్న భరోసా తక్కువది కాదు. సైన్యాలను కూడగట్టి యుద్ధం చేసే గేముల్లో నేను గోడలు కట్టుకుంటూ కూర్చునేవాణ్ణి, అవతలివాడు వచ్చి కూల్చేవాడు. తుపాకుల గేములు నాకు పడలేదు, తల తిరిగేది. పై నుంచి ముక్కలు పడుతుంటే వరుసలు పేర్చే ఆట ఫోన్‌లో, బస్సులో, డాక్టరు గారి గది బయట బెంచీ మీద ఆడాను. ఇవన్నీ ఆ పేజీలో ఉన్నాయి, దాదాపు ఇదే మాటల్లో.

ఊరు కట్టే గేము 2006లోనో, ఆ తర్వాతి ఏడో తెచ్చాను. ఖాళీ నేల ఇస్తారు. రోడ్లు, ఇళ్లు, కరెంటు, నీటి పైపులు, రైలు అన్నీ మనమే వేయాలి. బాగుంటే జనం వస్తారు, లేకపోతే వెళ్లిపోతారు. నేను ఫ్యాక్టరీలూ పెద్ద రోడ్లూ వేశాను. పైపుల దగ్గరకు వచ్చేసరికి విసుగొచ్చింది. నా భార్య వెనక నిలబడి చూస్తూ అడిగింది.

"ఇందులో గెలవడం ఎలాగండీ?"

"గెలవడం ఉండదు."

"మరి ఏటికి ఆడతన్నారు?"

వారం తర్వాత, మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చి చూస్తే, ఊళ్లో నేను కట్టని బడి ఒకటి ఉంది.

"ఇది నువ్వు కట్టావా?"

"అంతమంది పిల్లలున్నారు, బడి లేదు. ఎలాగుంటారు?" అంది, కూర కలుపుతూ.

అప్పటి నుంచి ఆ ఊరు రెండు షిఫ్టుల్లో నడిచింది. నేను పనికి వెళ్లినప్పుడు ఆమె, ఇంట్లో ఉన్నప్పుడు నేను. షిఫ్టు మారేటప్పుడు ఫ్యాక్టరీలో లాగ్‌బుక్ రాస్తామని ఒకసారి చెప్పాను. ఆమె వెంటనే ఒక గళ్ల నోటుబుక్కు తెచ్చి కీబోర్డు పక్కన పెట్టింది. హిందీలో రాసేది. పడమటి వార్డుకు నీళ్లు తక్కువ, పైపు పడేదాకా కొత్త ఇళ్లు వద్దు. బస్టాండు పక్క చెట్లు కొట్టొద్దు. ఆసుపత్రి ముందు మలుపు తీసేశాను, మళ్లీ పెట్టకండి. ఒక రోజు ఒకే ఒక్క ముక్క: ఈ వంతెన ఎవరు అడిగారు? అది నేను ముందురోజు బజారు మీదుగా వేసిన పెద్ద పైవంతెన గురించి. నా పేజీల్లో నేను రాసింది ఎక్కువగా 'చూశాను' అని సంతకం.

మూడేళ్లు అలా నడిచింది. ఊరు ఎంత పెరిగిందో నేను గమనించలేదు. ఎందుకు పెరుగుతోందో అసలే గమనించలేదు.

ఇక్కడ మా ఫ్యాక్టరీ పద్ధతి ఒకటి చెప్పాలి. ఫర్నేస్‌లో ఒక విడత కరిగించే లోహాన్ని హీట్ అంటాం. తుక్కు వేసి, కరిగించి, అచ్చుల్లోకి పోసేసరికి రెండు గంటల పైనే పడుతుంది. మధ్యలో షిఫ్టు మారిందనుకోండి, కష్టమంతా ముందు షిఫ్టు వాళ్లు పడినా, పోత ఎవరి డ్యూటీలో జరిగితే ఆ హీట్ వాళ్ల పేరునే రాస్తారు. చివరి పావుగంటకు డ్యూటీ ఎక్కి హీట్ నా పేరున రాయించుకున్న రోజులు నాకు బోలెడు. ఎవరూ తప్పుపట్టరు. ఇవాళ మాకు పోయింది రేపు మాకే తిరిగి వస్తుందని అందరికీ తెలుసు. ఇంట్లో నేను ఆ పద్ధతే పాటించానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. తేడా ఏమిటంటే, ఇంట్లో ఆ రేపు అన్నది ఒక్కసారి కూడా రానివ్వలేదు.

సంచిక పని చూసే సెక్రటరీ గారు రైల్వేలో రిటైరైన పెద్దమనిషి. ఆయనే అడిగారు.

"ఏమయ్యా, అందరూ సొంతూరి మీద కవితలే ఇస్తన్నారు. చదవలేక చస్తన్నాను. నువ్వా కంప్యూటర్ ఆటల గురించి ఒక పేజీ రాసియ్యి. కుర్రకారు కూడా సంచిక తెరవాలా వద్దా?"

తొమ్మిది గేముల గురించి ఒక్క పూటలో రాశాను. మొదటిదాని దగ్గర కలం ఆగిపోయింది. ఊరి గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నోటుబుక్కు తీసి, నా భార్య హిందీలో రాసిన మాటలను ఏరి తెలుగులో పెట్టాను. ఆమె రాసిన 'నేను' నా పేరు కింద నా 'నేను' అయిపోయింది. సంచికలో అచ్చయిన వాక్యాలు ఇవి: "ఊరి మధ్యలోంచి చిన్న లైను వేశాను. పెద్ద లైను వేస్తే బండి తొందరగా పోయేది. కానీ గేటు పడినప్పుడు జనం ఆగాలి. ఆగితేనే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు." నోటుబుక్కులో దాని తర్వాత ఇంకో చిన్న వాక్యం ఉంది. 'అభన్‌పూర్‌లో చూశాను.' ఆమె చిన్నప్పుడు తండ్రితో గార్డు పెట్టెలో కూర్చుని వెళ్లేది. ఆ ఒక్క వాక్యం నేను వదిలేశాను. ఎందుకు వదిలేస్తున్నానో వదిలేటప్పుడే నాకు తెలుసు. అందుకని దీన్ని షిఫ్టు పద్ధతి మీద నెట్టేయడానికి వీల్లేదు.

ఉగాది రోజు ఉదయం కల్యాణ మండపంలో పచ్చడి పంచాక, సెక్రటరీ గారు సంచిక విడుదల చేసి, ఎవరూ ఊహించని పని చేశారు. నా పేజీ మైకులో మొత్తం చదివారు. పదో నంబరు నుంచి మొదలుపెట్టి పైకి వచ్చారు. నా భార్య రెండో వరసలో కూర్చుంది. నేను నాలుగు కుర్చీల అవతల. చిన్న లైను దగ్గరకు వచ్చేసరికి ముందు వరసలో రైల్వే వాళ్లు చప్పట్లు కొట్టారు.

"చూశారా, అల్లుడంటే ఇలాగుండాలి. మామగారి బండిని కంప్యూటర్లో కూడా నడిపించేశాడు," అన్నారు సెక్రటరీ గారు. అందరూ నవ్వారు.

పక్కనున్నావిడ నా భార్య చెయ్యి పట్టుకుని, "మీ ఆయన మస్త్ రాశారమ్మా," అంది.

"అవునండీ. బాగా రాశారు," అంది నా భార్య. ఆమె కూడా చప్పట్లు కొట్టింది. నేను చూశాను.

స్కూటర్ మీద తిరిగి వస్తూ నేనే మొదలుపెట్టాను.

"పత్రికకి రాసేటప్పుడు కొంచెం మార్చి రాయాల్సొస్తుంది."

"అచ్ఛా."

"మేము, మేము అని రాస్తే చదవడానికి బాగుండదు."

"అచ్ఛా. మిరపకాయలు అయిపోయాయి. ఆ బండి దగ్గర ఆపండి," అంది.

మర్నాడు ఉదయం షిఫ్టు చేసి వచ్చేసరికి కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంది. నోటుబుక్కు కీబోర్డు పక్కనే ఉంది గానీ కొత్త పేజీ లేదు. ఆ తర్వాత ఇంకెప్పుడూ లేదు. గొడవ పడలేదు, మాట మానలేదు. ఆడటం మానేసింది, అంతే. పది రోజులు నేనొక్కణ్ణే ఊరు నడిపాను. మొదట పడమటి వార్డులో నీళ్లు ఆగిపోయాయి. ఏ పైపు ఎక్కడిదో నాకు తెలియదు. తర్వాత, జనం వదిలి వెళ్లిన ఇళ్ల మీద తాళాల బొమ్మలు రావడం మొదలైంది. ఆమెను అడిగితే చెప్పేది. అడగలేదు.

ఆ ఏడాదే కంప్యూటర్ మొరాయిస్తే, డిస్కు మొత్తం తుడిచేయాలన్నాడు బాగుచేసేవాడు. ఉంచుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా అని ఆమెను అడిగాను.

"ఫొటోలు తీసుకోండి."

"మరి ఊరు?"

"మీ ఊరే కదా. మీ ఇష్టం."

ఫొటోలు తీసుకున్నాను. ఊరు పోయింది. దాన్ని ఒక సీడీలోకి ఎక్కించడానికి ఐదు నిమిషాలు పట్టేది. ఎక్కిస్తే ఆమెదని ఒప్పుకున్నట్టవుతుందని అనిపించి ఎక్కించలేదు. నాకు ఎక్కువ బాధగా ఉండేది పేజీ రాసినందుకు కాదు, ఈ ఐదు నిమిషాలకు.

ఇప్పుడు నిజమైన చిన్న లైను కూడా రాయపూర్‌లో లేదు. పట్టాలు తీసేసి, ఆ దారిన పెద్ద రోడ్డు వేశారు. నేను ఉర్లా ఉద్యోగంలో షిఫ్టులు దాటి ఆఫీసు కుర్చీలోకి వచ్చాను. మొన్న సంఘానికి కొత్తగా వచ్చిన సెక్రటరీ ఫోన్ చేసి, పాత సంచిక చూశానని, ఈసారి ఫోన్ గేముల మీద అలాంటి పేజీయే కావాలని అడిగాడు. దాని బదులు ఇది రాశాను. పంపేముందు, ఆదివారం మధ్యాహ్నం, చిక్కుడుకాయలు ఒలుస్తున్న నా భార్య ఎదురుగా కూర్చుని, డిస్కు తుడిచేసిన సంగతి దాకా చదివి వినిపించాను. ఆమె కాయలు ఒలుస్తూనే వింది.

"ఎప్పటి మాటలండీ ఇవి," అంది చివరికి.

"సంచికలో వేయమంటాను."

"వేస్తే వెయ్యండి. మైకులో చదివితే మాత్రం నేను రాను." ఇంకో కాయ తీసింది. "అయినా ఆ ఊరు నా మొదటి నంబరని మీకెవరు చెప్పారు?"

"కాదా?"

"నాది హోటల్ గేము."

గుర్తు తెచ్చుకోవడానికి కొంత సమయం పట్టింది. ఏదో సీడీతో ఊరికే వచ్చిన చిన్న గేము. హోటల్‌కి మనుషులు వస్తారు, కూర్చోబెట్టాలి, అడిగింది వడ్డించాలి, బల్ల తుడవాలి. అంతే.

"ఊరి కన్నా ముందు రోజూ అదే ఆడేదాన్ని. పూరా అయిపోయింది, అన్ని లెవెళ్లూ. మీరు దాన్ని పదో నంబర్లో పెట్టి, ఇది గేము కాదు, ఆడవాళ్ల టైంపాస్ అని రాశారు. సెక్రటరీ గారు మొదట చదివింది అదే. దానికీ నవ్వారు అందరూ."

నాకు ఆ వాక్యం గుర్తు లేదు. లోపలికి వెళ్లి పాత సంచిక తీసి చూశాను. ఉంది. అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉంది. ఇన్నేళ్లు నేను పశ్చాత్తాపపడింది ఒక్క తప్పుకి.

తిరిగి వచ్చి, అందులో ఏం నచ్చిందని అడిగాను. అడగడం అదే మొదటిసారి.

"వచ్చినవాళ్లు తింటారు, లేచి వెళ్తారు. బల్ల ఖాళీ. పని అయిపోయినట్టు కనిపిస్తాది. మీ ఊరికి అయిపోవడమే లేదు కదా."

"మరి మూడేళ్లు ఎందుకు కట్టావు?"

"బడి లేకుండా వదిలేశారు మీరు. ఏం చేస్తాను?" అని కాయల గిన్నె నా వైపు జరిపింది, నన్ను కూడా ఒలవమని. "రాస్తే ఒకటి సరిగ్గా రాయండి. ఆ పైవంతెన నాది కాదు. అది నా మీద పెట్టకండి."

కాబట్టి సవరణ ఇది. ఆ పదేళ్లలో మా ఇంట్లో మొదటి నంబరు హోటల్ గేము. దాన్ని చివరి దాకా ఆడి పూర్తి చేసింది నా భార్య. ఊరు కట్టింది ఆమె. బడి, పడమటి వార్డు పైపులు, ఆసుపత్రి ముందు సరిచేసిన రోడ్డు, గేటు దగ్గర జనం ఆగే చిన్న లైను, అన్నీ ఆమెవే. చిన్న లైను గురించి నా పేరున అచ్చయిన మాటలు కూడా ఆమెవే. అలా గేటు దగ్గర ఆగిన జనాన్ని ఆమె అభన్‌పూర్‌లో చూసింది. నేను కట్టింది బజారు మీది పైవంతెన. అది వేశాక కింద రద్దీ ఇంకా పెరిగింది.