మునిరత్నం అడిగిన చీటీ

రిటైరవడానికి రెండేళ్ల ముందు నన్ను తిరుపతి దగ్గర ఒక బస్సు డిపోకు మేనేజరుగా వేశారు. చాలీచాలని బస్సులు, రోజూ ఎవరో ఒకరి సెలవు అర్జీ, దానికి తోడు నా మోకాళ్ల నొప్పులు. అప్పటికే విసిగిపోయి ఉన్నాను. కండక్టరు మునిరత్నం ఫైలు నా బల్ల మీదికి వచ్చింది ఆ రోజుల్లోనే.

పదేళ్లుగా అతనిది ఐరాల బస్సే. ఒక్కనాడూ డ్యూటీకి ఆలస్యంగా రాలేదు. జనం పోటెత్తే తిరుచానూరు అమ్మవారి పంచమి తీర్థం నాడు కంట్రోలరు, అంటే డ్యూటీలు వేసే ఉద్యోగి, చివరి నిమిషంలో అతన్ని స్పెషల్ బస్సుకు మార్చాడు. మునిరత్నం ఎక్కలేదు. చెవులు మూసుకుని బెంచీ మీద కూర్చుండిపోయాడు. నిండిన బస్సు అరగంట ఆగింది. జనం తిట్టిపోశారు.

విధి నిరాకరణ కింద చార్జిషీటు ఇచ్చి, సంజాయిషీ తీసుకుని, విచారణ జరిపాం. మళ్లీ ఇలా చేస్తావా అని అడిగాను. అతను గోడకేసి చూస్తూ చెప్పాడు.

“ఇట్లే ఉన్నట్టుండి మారిస్తే చేస్తాను సార్.”

నాకు ఒళ్లు మండింది. ఉద్యోగం నుంచి తీసేస్తూ ఆర్డరు టైపు చేయించాను. ఇక సంతకమే తరువాయి.

మర్నాడు అతని భార్య రాజేశ్వరి మానసిక వైద్యుడి కాగితం తెచ్చింది. ఆస్పర్జర్ అట. ఇప్పుడు దాన్ని ఆటిజంలోనే కలిపి చెబుతున్నారట. తెలివికి లోటు లేదు గానీ, ఎదుటివాళ్ల మనసు పసిగట్టడం, అనుకోని మార్పును, పెద్ద చప్పుళ్లను తట్టుకోవడం కష్టమని రాసి ఉంది. మందుతో పోయేది కాదు, చుట్టుపక్కలవాళ్లు పద్ధతి మార్చుకుంటే చాలావరకు నెట్టుకురాగలడని కూడా ఉంది.

“ఆయనకి పొగరు లేదు సార్. అబద్ధం చెప్పేదానికి రాదు, అంతే. ముందురోజే రాసిస్తే యాడికైనా పోతాడు,” అంది.

ఆ మాట ఎక్కడో చదివినట్టనిపించి ఫైలు తిరగేశాను. ఇలాంటివాటికే అంతకుముందు రెండు మెమోలు ఉన్నాయి. ఇప్పటిదానితో కలిపి మూడు సంజాయిషీలు. మూడింటి చివరా ఒకటే వాక్యం: ‘మార్పు ఉంటే ముందురోజు చీటీ రాసి ఇవ్వగలరు.’ మూడింటి మీదా ‘సంతృప్తికరంగా లేదు’ అని రాసి ఉంది. చివరిదాని కింద సంతకం నాది. సిగ్గేసింది.

హెచ్చరికతో ఫైలు మూసేసి, ఇకపై మార్పు ఉంటే ముందురోజే చీటీ రాసివ్వమని కంట్రోలరుకు చెప్పాను. ఒక్కడి కోసం ఇదేం గోల అని అతను సణిగాడు. అయినా చీటీలు రాశాడు. రద్దీ రోజుల్లో బస్సు కదిలేదాకా మునిరత్నాన్ని సిబ్బంది రెస్టురూములో కూర్చోనిచ్చాం. మరుసటి ఏడు పంచమి తీర్థానికి అతను తిరుచానూరు స్పెషల్ ఎక్కాడు, చీటీ జేబులో పెట్టుకుని.

సంజాయిషీ అడిగినవాడు దాన్ని ఆఖరి వాక్యం దాకా చదవాలి. నా సర్వీసులో నేను చదివినవాటికన్నా సంతకం పెట్టినవే ఎక్కువ.