నల్ల తెర మీద సన్న అక్షరాలు

మార్కాపురం కోర్టు వీధిలో అన్నకూ నాకూ కలిపి ఒక టైపింగ్ దుకాణం ఉండేది. జనానికి అర్జీలు, ఫిర్యాదులు తెలుగులో కొట్టిచ్చేవాళ్లం. ఒక ఎండాకాలం అన్న కంప్యూటర్‌లో టైపు చేసేదానికి కొత్త ఎడిటర్ వేశాడు. తెరంతా నలుపు, దాని మీద వెంట్రుకల్లాంటి బూడిదరంగు అక్షరాలు. బటన్లన్నీ దాచేశాడు.

"ఏందన్నా ఇది? సేవ్ ఎక్కడ నొక్కాల?"

"ఈ కొసనొకటి, ఆ కొసనొకటి రెండు మీటలు కలిపి నొక్కితే సరి. చూసేదానికి ఎంత బాగుందో చూడు!"

ఆ మధ్యాహ్నమే పుల్లలచెరువు వైపు నుంచి ఒకామె వచ్చింది. పగిలిన నుదుటిని కొంగుతో అదిమి పట్టుకుంది. రక్తం మోచేతి దాకా కారింది. మొగుడు రోకలిబండతో కొట్టాడట. ఆసుపత్రికి పదమన్నా వినలేదు.

"ముందు కాగితం రాయి పాపా. నేను చెప్పింది చెప్పినట్టే పడాల. నేను చదువుకుంటా."

కూడబలుక్కుని చదవగలదు గానీ, ఆ నల్ల తెర మీద ఆమెకేమీ కనిపించలేదు. నేను పాత ఎడిటర్ తెరిచాను. తెల్ల పేజీ, లావు అక్షరాలు. ఒక్కో మాటనూ వేలితో తాకుతూ చదివింది. తాకినచోటల్లా తెర మీద రక్తపు మరక పడింది.

చివరి వాక్యం కొడుతుండగా ఆమె మొగుడు ఇనప రాడ్డుతో లోపలికొచ్చాడు.

"నా మీదే కేసు పెడతావే?" అంటూ జుట్టు పట్టుకుని ఆమెను నేలకేసి కొట్టాడు. అన్న అడ్డం వెళ్లాడు. రాడ్డు అన్న కుడిచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. నేను పైన కనబడుతున్న సేవ్ బటన్ నొక్కేశాను. మరుక్షణం రాడ్డు తెరను బద్దలుకొట్టింది. వైర్లు ఊడి కంప్యూటర్ ఆగిపోయింది. ఒక పెంకు నా చెంపను చీరింది. కుర్చీ ఎత్తి వాడి మోకాళ్ల మీద బలంకొద్దీ మోదాను. కూలబడ్డాడు. పక్క దుకాణాలవాళ్లు వచ్చి కట్టేసినా, "చంపుతా" అని అరుస్తూనే ఉన్నాడు.

వేరే తెర తెచ్చి తగిలిస్తే ఫిర్యాదు మొత్తం ఉంది. ఆమె కుట్లు వేయించుకుని వచ్చి, మళ్లీ చదివి సంతకం చేసింది. వాడు జైలుకు వెళ్లాడు. ఆమె పొదిలిలో చెల్లెలి దగ్గర ఉండిపోయింది.

చేతికి పిండికట్టుతో అన్న టైపు చేయబోయాడు. ఒంటి చేతికి రెండు మీటలూ అందలేదు. బూతులు తిడుతూ కీబోర్డును గోడకేసి కొట్టాడు. కాసేపటికి చల్లబడి నన్ను పిలిచాడు.

"నలుపు ఉండనీ, ఎండపూట కళ్లకు హాయి. అక్షరాలు లావు చెయ్యి. బటన్లు బయట పెట్టు."

అట్లాగే చేశాను. సేవ్ బటన్‌కు రంగు మాత్రం తనే ఎంచాడు, పచ్చి పసుపు. చూడలేకపోతున్నానంటే ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.