పచ్చడి కాయల కోసం ఎర్రకుంటపల్లెకు

ఈ ప్రయాణానికి కారణం కారం. ఇంకాస్త నిజాయితీగా చెప్పాలంటే, నా తెలివితక్కువతనం. ముప్పై ఏళ్లు బడిలో డ్రాయింగ్ మాస్టారుగా చేసినవాణ్ని కనుక రంగుల సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని ఒక నమ్మకం. నిరుడు పండుమిరప పచ్చడికి కాయలు తెమ్మని మా ఆవిడ పంపితే, మా వరంగల్ కాశిబుగ్గలో ఒక బండి మీద రెండు కుప్పలు కనిపించాయి. ఒకటి పొట్టిగా, లావుగా, మండిపోతున్న ఎరుపు. రెండోది సన్నగా, కాస్త బిడియంగా ఉన్న కాయలు. ఎరుపు ఎంతో మంట అంత అనుకుని, బిడియపు కాయలే తెచ్చాను. ఆ ఏడాదంతా మా ఇంట్లో భోజనానికి కూర్చున్నవాళ్లు కన్నీళ్లతోనే లేచారు. మాకేదో పెద్ద కష్టం వచ్చిందనుకుని చుట్టాలు ఓదార్చి వెళ్లారు.

ఈ కథను మా బామ్మర్ది సదానందం ప్రతి పెళ్లిలోనూ చెప్పాడు. చివర్లో ఒక మాట కలిపేవాడు. "మూడేండ్ల కింద ఎర్రకుంటపల్లెకెల్లి నేను ఏరి తెచ్చిన కాయలు యాదికున్నయా బావా? ఒక్క చూపుల పట్టిన!"

ఆ పచ్చడి నిజంగానే గొప్పగా కుదిరింది. నా బాధ అదే.

మొన్న జనవరిలో మా ఆవిడ తేల్చి చెప్పింది. "గా ఊరికే పోయి చేన్లకెల్లి తే. ఈసారి గూడ తప్పితే పచ్చడి పని మా తమ్మునికే అప్పజెప్త."

ఉదయం ఆరూ నలభైకి వరంగల్ బస్టాండులో నర్సంపేట బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్ లేదు, సీటు ఉంది. నాకు టికెట్ ఉంది, సీటు లేదు. కంబిని పట్టుకుని వేలాడుతుంటే కిటికీ పక్కనున్న పెద్దావిడ జాలిపడింది.

"ఏడికి పోతాండ్రు సారూ?"

"మిరపకాయలకమ్మా."

"వరంగల్ల గంత పెద్ద మార్కెట్ పెట్టుకొని గీడికి వస్తాండ్రా?" అని పక్కావిడను మోచేత్తో పొడిచింది. ఇద్దరూ నర్సంపేట దాకా నవ్వుకున్నారు.

ఎనిమిదికి దిగాను. బస్టాండు ఎదుట రెండు పూరీలు, ఒక చాయ్. తర్వాత షేర్ ఆటోలో అరగంట. డ్రైవర్ పక్కన సగం సీటు దొరికింది. మిగతా సగం నేను గాల్లో కూర్చున్నాను.

ఎర్రకుంటపల్లె చిన్న ఊరు. పడమర ఎర్ర చెలకలు, తూర్పున నల్లరేగడి, ఆ వెనక సన్నటి గీతలా అడవి. మా మామగారు కాశిబుగ్గలో నేలమీద పరిచే జంపఖానాలు నేసి, భుజాన వేసుకుని ఈ ఊరికి వచ్చేవారట. తిరిగి వెళ్లేటప్పుడు అదే భుజాన మిరపకాయల మూట ఉండేది. ఇక్కడి అయిలమ్మను ఆయన చెల్లె అని పిలిచేవారు. ఆ లెక్కన నేను ఆమెకు అల్లుణ్ని.

ఆమె భర్త కొమురయ్య చేను గట్టు మీద ఎదురొచ్చాడు. ఊరి పేరు మిరపకాయల వల్లే వచ్చిందా అని అడిగాను.

"కాదు అల్లుడా. వానకాలం మా కుంటల నీళ్లు ఎర్రగుంటయి, అందుకే గా పేరు. మా తాతల నాడు ఈడ జొన్న, కంది. బాయిలు తవ్వుకున్నంక మిరప వచ్చింది. ఎన్కకెల్లి వచ్చి ఊరి పేరు నిలవెట్టింది."

కాయలు ఆరబోసిన కల్లం చూసి అడుగు ముందుకు వేశాను. "చెప్పులిడువు, కల్లం అది!" అని చేన్లోంచి అయిలమ్మ కేక. చెప్పులు చేతబట్టుకుని నిలబడ్డాను. ఆ ఎరుపు నా రంగుల డబ్బాలో ఏనాడూ లేదు. ఆమె వచ్చి, నా నిరుటి కథంతా విని, నేను భయపడి వదిలేసినవాటి లాంటి లావుపాటి కాయ ఒకటి నా చేతికిచ్చింది.

"కొరుకు."

ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కొరికాను. తియ్యగా ఉంది!

"గిది చపాటా. రంగు జాస్తి, కారం తక్వ. నువ్వు కొన్నయి సన్నయి గదా? గవ్వి ఊకుంటయా!" అని పడీ పడీ నవ్వింది.

పన్నెండున్నరకు పందిరి కింద భోజనం పెట్టారు. వేడన్నం, పప్పుచారు, అప్పుడే నూరిన చపాటా పచ్చడి. మూడుసార్లు వడ్డించుకున్నాను. ఆ ధైర్యంతో లేచి, ఇక కాయలు నేనే ఎంచుకుంటానన్నాను. వాళ్లు చేన్లోకి వెళ్లారు. పందిరి మూలన మంచం మీద, గోనెపట్టా పరిచి పోసిన చిన్న కుప్ప ఉంది. ప్రతి కాయా ఒకే అందం, మచ్చ లేదు, వంకర లేదు. కల్లంలో వాటికి సాటి లేదు. ఒక్క చూపులో పట్టేశాను! గబగబా సంచిలో పోసుకుంటున్నాను.

"ఓ అల్లుడా! ముట్టకు! ఇత్తనం కాయలవి!"

అయిలమ్మ సాళ్ల మధ్యనుంచి పరుగెత్తుకొచ్చి సంచి లాక్కుంది. రోగం రాని చెట్లకు గుడ్డపీలికలు కట్టి, వాటి కాయలే ఏరి, వచ్చే ఏటికి విత్తనంగా దాచుకుంటారట. "ఇది దుకాణంల దొర్కది. మా అత్త నాకిచ్చింది. ఇది పోతే మా చేనే పోయినట్టు," అంది రొప్పుతూ.

నా తల నేలకు దిగింది. ఆమె జాలిపడింది.

"ఫికర్ చెయ్యకు. నువ్వు నయం. మూడేండ్ల కింద మీ బామ్మర్ది కుప్ప మొత్తం ఎత్తుకపోయిండు! నేను చూసేసరికి ఆటో ఎల్లిపోయింది."

"ఒక్క చూపుల పట్టిన... అంటే ఇదా! మరి ఆ ఏడాది ఏం చేశారత్తా?"

"మా ఆడిబిడ్డనడిగి తెచ్చుకున్నం. పాపం, చెప్తే చిన్నబోతడని ఊకున్న."

"ఇప్పుడు నేను చెప్పొచ్చా?"

"చెప్పు చెప్పు! గిప్పుడు నవ్వుకునే ముచ్చటేనాయె," అంటూ, కుండీలో వేసుకోమని నాలుగు విత్తనం కాయలు కాగితంలో చుట్టి ఇచ్చింది. పచ్చడి కాయలు చేన్లోంచి తనే ఏరి సంచి నింపింది.

మూడున్నరకు నర్సంపేటలో బస్సెక్కితే ఈసారి సీటు దొరికింది. ఒళ్లో సంచి, జేబులో పొట్లం. కోసిన పంటలో అన్నిటికన్నా మంచివి తినకుండా దాచుకునే మనుషుల దగ్గర, ఏది కనబడితే అది సంచిలో వేసుకునే మా పట్నపు చూపు ఎంత పొట్టిదో అర్థమైంది. ఆ చూపు నా ఒక్కడిదే కాదని తెలిసి, దారంతా మనసు తేలిగ్గా ఉంది.

ఇంటికి చేరేసరికి సదానందం మా వాకిట్లో చాయ్ తాగుతున్నాడు. సంచిలో చెయ్యి పెట్టి చూశాడు. "పర్వాలేదు బావా. గని మూడేండ్ల కింద నేను తెచ్చిన..."

పొట్లం విప్పి అతని అరచేతిలో పెట్టాను. "అసుంటియే ఇవి. అయిలమ్మత్త పంపింది. విత్తనం కాయలట. నువ్వు కుప్పంతా పచ్చడి చేసుకున్నావు కదా, వచ్చేసారి విత్తనం తక్కువైతే చేన్లో నిన్నే నాటుతుందట."

చివరి మాట అత్త అనలేదు, నేనే కలిపాను. సదానందం చాయ్ మింగలేదు, ఉమ్మలేదు. కాయల తొడిమలు తీస్తున్న మా ఆవిడ చెయ్యి ఆపి తమ్ముడి వైపు చూసింది. ఏడాదిగా ఆ చూపంతా నేనొక్కణ్నే అనుభవించాను. ఆ సాయంత్రం సగం అతనికి పంచాను.