పుస్తకాల కసాయి

పాత పుస్తకాలమ్మే దోన్ ఎవరిస్తో ఎవరికీ పుస్తకం పూర్తిగా అమ్మడు. లావుపాటిది కనబడితే చాలు, వెన్ను దగ్గర కత్తి పెట్టి రెండు ముక్కలు చేస్తాడు. రాజధాని మాంటెవిడియోలో ఆదివారం సంతలో అందరూ అతణ్ని కసాయి అంటారు. ఆ మాట వింటే అతనికి మహా మురిపెం.

నేను ఎక్కడో దూరాన ఉన్న తక్వారెంబో ఊరి నుంచి వచ్చిన కొత్తలో సంగతి. మార్చిలో యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ మొదలవుతుంది. నేను ముట్టుకున్న ఒకే ఒక్క కంప్యూటర్ మా బడిది, అదీ టీచరమ్మ పక్కన నిలబడి చూస్తుంటే. క్లాసులు మొదలయ్యేలోపు ఏదో ఒక మొదటి పుస్తకం నమిలి మింగకపోతే తిరుగు బస్సెక్కడం ఖాయమని నా భయం. గదిలో పలకరించే దిక్కు లేదు. ఆ వారమంతా నేను మాట్లాడింది రొట్టెల కొట్టాయనతోనే, "రెండివ్వండి" అని.

"ప్రోగ్రామింగ్ మొదట్నించీ నేర్పే పుస్తకం కావాలండీ," అని ఆదివారం సంతలో అతణ్నడిగాను.

"ఎంత మొదట్నించీ?"

"కంప్యూటర్ ఎక్కడ నొక్కితే వెలుగుతుందో అక్కణ్నించీ."

"ఎక్కడ దిగావు? ఎవరితో ఉంటున్నావు?"

వీధి పేరు చెప్పాను. ఒక్కదాన్నే ఉంటున్నానన్నాను. అతను ఒక లావు పుస్తకం తీసి, నా కళ్ళముందే కోసి, ముందు సగం చేతిలో పెట్టాడు.

"నాకు మొత్తం కావాలండీ."

"మాంసం కూడా ఇలాగే ఎద్దుతో సహా కొంటావా? పో అమ్మాయ్."

గదికొచ్చి కుస్తీ పట్టాను. తీరా చూస్తే లెక్కలన్నీ నా సగంలో, జవాబులన్నీ వెనక సగంలో. మళ్ళీ ఆదివారం మండిపడుతూ వెళ్ళాను.

"జవాబులేవండీ?"

"విల్మార్ దగ్గర. మీ వీధే, చేపల కొట్టు పైన. ఆర్తిగాస్ ఊరి కుర్రాడు, వాడూ ఒంటిగాడే. ఆ రోజు నీ వెనకే వస్తే మిగతా సగం ఇచ్చా. జవాబులున్నాయి, ప్రశ్నలు లేవు. పిచ్చెక్కిపోతున్నాడు."

"ఇదేం పద్ధతండీ?"

"మాతే టీ పోసిన బుర్ర నువ్వొక్కదానివే గొట్టంతో పీలుస్తూ కూర్చుంటావా? చేతులు మారుతుంది కదా. పుస్తకం మాత్రం ఏం పాపం చేసింది?"

వెళ్ళి తలుపు కొట్టాను. విల్మార్ నా చేతిలో అట్ట చూసి, "ప్రశ్నలొచ్చాయా, రండి రండి," అని పక్కకి తప్పుకున్నాడు. తర్వాత నా పేరడిగాడు. రాజధానికొచ్చాక నా పేరు ఒకరడగడం అదే మొదలు. కసాయి మీద కోపం మెట్లు దిగేలోపే పోయింది.

ఇద్దరం ఆ ఏడాది గట్టెక్కాం. ఆ మాట చెబుదామని సంతకెళ్తే, దోన్ ఎవరిస్తో స్టూలు మీద ఒక్కడే కూర్చుని, ఎప్పటిలాగే ఒక డిటెక్టివ్ నవల వెనక సగం చదువుకుంటున్నాడు. మాతే తనే పోసుకుని తనే పీలుస్తున్నాడు. నా మనసు చివుక్కుమంది.

"దీని ముందు సగం ఎవరి దగ్గరుందండీ?"

"బల్ల కిందే ఉంది. ఎవరూ అడగలేదు. రెండు సగాలూ నేనొక్కణ్నే చదివితే నా పద్ధతేం కాను?"

వంగి తీసి, దుమ్ము దులిపి, పక్కన పెట్టె మీద కూర్చుని మొదటి పేజీ తిప్పాను. అతను బుర్రలో వేన్నీళ్ళు నింపి నాకందించాడు.

"హంతకుడెవరో నాకు తెలుసు," అన్నాడు. "చచ్చిందెవరో తొందరగా చదివి చెప్పు. అది తెలీక ఏళ్ళ తరబడి నేను చస్తున్నాను."