జామచెట్టు మొదట్లో ఎర్రనీళ్లు

నా చిన్నప్పుడు, కోస్గి దగ్గర మా ఊళ్లో, వాకిలి అలకడంలో మా అమ్మ తర్వాతే ఎవరైనా. ఎర్రమట్టి, పేడ కలిపి అలికిందంటే అక్కడ అన్నం పోసుకుని తినొచ్చు. ఆ వాకిట్లో మా అన్న నాటిన జామచెట్టు ఒకటి ఉండేది. అన్న జ్వరమొచ్చి పోయాక అమ్మ దాని చుట్టూ మట్టితో గద్దె కట్టింది. మాను మొదలంటా సందు లేకుండా మెత్తి, రోజూ అలికేది. ఒక్క ఆకు రాలినా ఏరేసేది. మనిషి మాత్రం ఏడవలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లే ఏడ్చి పోయారు.

కొన్నాళ్లకు ఆ చెట్టు కొమ్మలు ఒక్కొక్కటే ఎండసాగాయి. వానలు పడుతూనే ఉన్నాయి, ఎందుకు ఎండుతోందో మాకు తెలియలేదు. నాయిన గొడ్డలి తీశాడు. "ఇగ ఇది బతకది, కొట్టేస్త" అన్నాడు. అమ్మ అడ్డం నిలబడి, "గీ వానకాలం పోయేదాకన్న ఆగు" అని బతిమాలింది. ఆ గొంతు విని నాకు భయమేసింది. చెట్టు పోతే అమ్మ కూడా మాకు దక్కదనిపించింది.

పక్కింటి ముస్లిం ఆమెను ఖాలా అని, అంటే పిన్ని అని పిలిచేవాళ్లం. వాళ్లది బట్టలకు రంగులద్దే ఇల్లు. ఆమెకు సంగతి ముందే తెలుసని ఇప్పుడనిపిస్తుంది. కానీ కొడుకు పోయిన తల్లితో, చెట్టును నీ చేతులతో నువ్వే ఎండబెడుతున్నావని ఏ నోటితో అంటుంది? మబ్బు పట్టిన ఒక సాయంత్రం ఎర్రరంగు పొడి తెచ్చి మాను చుట్టూ రుద్దింది.

"దిష్టి తీస్తున్నవా ఖాలా?" అని వెక్కిరించాను. నాకు అప్పటినుంచే నోరెక్కువ.

"నోరు మూస్కొని చూడు బిడ్డా" అంది.

వాన మొదలైంది. కొమ్మల మీది నీళ్లన్నీ మానుకు చేరి, ఎర్రటి చారలు కట్టి దిగాయి. గద్దె మీద పడి, అలుకు మీదుగా జారి, మోరీలోంచి వీధిలోకి పోయాయి. మట్టిలోకి చుక్క దిగలేదు. అమ్మ గడపలో నిలబడి చూస్తూ ఉండిపోయింది.

"చెట్టు తన నీళ్లు తనే తెచ్చుకుంటది అక్కా. కొమ్మకొమ్మకు ఏరుకొచ్చి వేర్లకాడ పోసుకుంటది. జర దిగనీకి జాగా ఇయ్యాలె" అంది ఖాలా, మెల్లగా.

అమ్మ గడ్డపార తెచ్చి ఆ గద్దెను తనే పగలగొట్టింది. తర్వాతి వానకు ఖాలా మళ్లీ రంగు రుద్దింది. ఈసారి వీధిలోకి ఎర్రనీళ్లు పోలేదు. కాస్త తవ్వి చూస్తే, వేరు పక్కనుంచి ఎర్రటి చార లోపలికి దిగిపోయి ఉంది. అమ్మ ఆ తడిమట్టి పిడికిట్లో పట్టుకుని, అన్నను పేరు పెట్టి పిలిచి, అప్పుడు ఏడ్చింది. నేను ఆపబోతే ఖాలా నా చెయ్యి పట్టుకుంది. "ఏడ్వనియ్" అంది.

ఆ వానాకాలం పోకముందే జామచెట్టు చిగురేసింది. నాయిన గొడ్డలి అటకెక్కించాడు.

తెలంగాణ వచ్చాక మా వీధికి సిమెంటు రోడ్డొచ్చింది. మొన్న నా కొడుకు వాకిలంతా సిమెంటు వేయిస్తానంటే, ఇప్పుడక్కడున్న వేపచెట్టు చుట్టూ మట్టి వదిలితేనే సరేనన్నాను. ముసలిదాని చాదస్తం అనుకున్నారు, అనుకోనీ. ఊళ్లో ఎవరింట్లో మనిషి పోయినా వెళ్తాను. ఇంత నోరున్నదాన్ని, అక్కడ మాత్రం ఏడవొద్దని ఎవరికీ చెప్పను. పక్కన కూర్చుంటాను.